24 ఫామ్ వచ్చు. ఎవరైనా కాలర్ పట్టుకుంటే అందులో ఏది పనికొస్తుంది?

ఉదయపు_నడక (ప్రశ్న)

అందరికీ నమస్కారం. యాంగ్ స్టైల్ తాయ్ చీలో 24 ఫామ్ (24 కదలికల వరస) మొత్తం ఎవరినీ చూడకుండా చేయగలను. మా దగ్గర నేర్పేది ఆరోగ్యం కోసమే. ఏ కదలిక దేనికని అడిగితే "ఇది అడ్డుకోవడం, ఇది కొట్టడం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

నాకు మూడు సందర్భాలకి జవాబు కావాలి. మణికట్టు గట్టిగా పట్టుకుని లాగితే ఏం చేయాలి? కాలర్ పట్టుకుంటే? రెండు చేతులతో గుండెల మీద తోస్తే? అడుగు ఎక్కడ పడాలి, చెయ్యి ఎక్కడ తగలాలి అనేది వివరంగా చెబితే చాలు. యూట్యూబ్ వీడియోల్లో ఎదుటివాడు చెయ్యి చాపి బొమ్మలా నిలబడిపోతాడు, వాటి మీద నమ్మకం కుదరడం లేదు. సాధన ఎలా చేయాలో కూడా చెప్పండి. తమ్ముడు జోడీగా నిలబడతానన్నాడు.

---

పుష్‌హ్యాండ్స్_పిచ్చి

ముందు కాలర్ సంగతి చెప్తాను. మన దగ్గర గొడవ చాలాసార్లు అక్కడే మొదలవుతుంది, 24 ఫామ్‌కి బాగా అతికేదీ అదే. గాల్లో వచ్చే గుద్దుని పట్టుకోవడం ఎవడి తరమూ కాదు. కాలర్ పట్టుకున్నవాడి చెయ్యి మాత్రం మీ దగ్గరే ఆగి ఉంటుంది.

అతను కుడిచేత్తో పట్టుకున్నాడనుకుందాం. అతని కుడి కాలు ముందుందా వెనకుందా అన్నదాన్ని బట్టి ఏం చేయాలో తేలుతుంది.

కుడి కాలు ముందుంటే ఫామ్‌లోని వైల్డ్ హార్స్ అనే కదలిక (కింద వచ్చే ఇంగ్లీషు పేర్లన్నీ ఇలాంటి కదలికలవే), ఎడమ వైపుది. మీ కుడి అరచేత్తో అతని పిడికిలిని మీ ఛాతీకి అదిమిపెట్టండి. పీకడానికి చూడొద్దు. పీకితే అతను వదిలేస్తాడు, ఆ వదిలిన చెయ్యే గుద్దై వస్తుంది. గడ్డం దించి, ఎడమ పాదాన్ని అతని కుడి కాలి బయటి పక్క నుంచి వెనక్కి వేయండి. మీ తొడ అతని తొడ వెనక భాగానికి ఆనాలి, మధ్యలో అరచెయ్యి కూడా దూరకూడదు. ఎడమ ముంజేయి అతని చంక కింద నుంచి ఛాతీకి అడ్డంగా పోతుంది. ఆ తర్వాతే నడుము ఎడమకి తిరగాలి. ఫామ్‌లో కుడిచెయ్యి తుంటి పక్కకి దిగుతుంది కదా, అది అతని చేతిని కిందికి తీసుకెళ్లే పని. ఎడమచెయ్యి వాలుగా పైకి పోవడం అతని మొండేన్ని మీ తొడ మీదుగా వెనక్కి వాల్చే పని.

నూటికి తొంభై మంది చెడగొట్టేది అడుగు దగ్గర. పాదం అతని కాలి పక్కనే ఆగిపోతుంది. తొడ తగలదు, దాంతో పనంతా భుజం మీద పడుతుంది. అతను వెనక్కి ఒక్క అడుగేసి తేరుకుని, ఎడమచేత్తో మీ మెడ చుట్టేస్తాడు. అడుగు పడలేదని తెలిసిన క్షణమే ఆ ప్రయత్నం వదిలేయండి.

కుడి కాలు వెనకుంటే దాని వెనక్కి మీ అడుగు అందదు. అప్పుడు లూ చేయాలి, అంటే గ్రాస్ప్ స్పారోస్ టెయిల్‌లో వెనక్కి లాగే భాగం. పిడికిలిని అదమడం అలాగే. ఎడమ ముంజేయిని అతని జబ్బ వెనక, మోచేతి కీలుకి రెండు మూడు వేళ్ల పైన ఆనించండి. బరువు కుడి కాలి మీదకి మార్చుకుంటూ నడుము కుడికి తిప్పండి. తిరిగేకొద్దీ అతని మోచేతి మొన పైకి వస్తుంది. అది పైకి రాకముందే నొక్కితే చెయ్యి మడుచుకుని జారిపోతుంది. మొన పైకి వచ్చాక బలం అక్కర్లేదు, మీరు కూర్చున్నట్టు దిగితే అతను ముందుకి పడతాడు.

మణికట్టు విషయంలో రెండు రకాలు. ఎదురుబొదురుగా నిలబడ్డప్పుడు అతని కుడిచెయ్యి మీ ఎడమ మణికట్టుని పట్టుకుంటే రిపల్స్ మంకీ. పట్టులో బలహీనమైన చోటు బొటనవేలూ మిగతా వేళ్లూ కలిసే సందు. అరచెయ్యి పైకి తిరిగేటప్పుడు మణికట్టు సన్నటి అంచు ఆ సందులోకి రావాలి. అక్కడి నుంచి చెయ్యి తుంటికి రావడం, రెండో అరచెయ్యి చెవి పక్క నుంచి అతని ముఖం మీదకి పోవడం, అడుగు వెనక్కి పడటం ఒకేసారి జరగాలి. ముఖానికి తగలకపోయినా పర్వాలేదు, అటు అడ్డుకోవడానికి అతని దృష్టి పోతే పట్టు సడలుతుంది.

అతని కుడిచెయ్యి అడ్డంగా వచ్చి మీ కుడి మణికట్టునే పట్టుకుంటే నీడిల్ ఎట్ సీ బాటమ్. ఎడమ అరచేత్తో అతని వేళ్లని మీ మణికట్టు మీదే మూసేయండి. ఎడమకీ ముందుకీ ఒక చిన్న అడుగేస్తే అతని రెండో చేతికి దూరమవుతారు. కుడి అరచెయ్యిని బయటి నుంచి పైకి తిప్పి, చిటికెనవేలి అంచుని అతని మణికట్టు మీదకి తెచ్చి, మోకాళ్లు వంచి నిలువునా దిగండి. చేతులు చాచి చేస్తే ఇది పడదు. అతని పిడికిలి మీ ఛాతీకి జానెడు దూరంలోనే ఉండాలి, అతని మోచెయ్యి వంగి ఉండాలి.

ఇక తోపు. రెండు అరచేతులూ మీద పడే క్షణంలో బరువు వెనక కాలి మీదకి తెస్తూ, మీ ముంజేతుల్ని కింద నుంచి అతని చేతుల మధ్యలోకి లేపి, మోచేతుల లోపలి వైపు ఆనించి కొంచెం విప్పండి. ఇది అపారెంట్ క్లోజప్ మొదటి సగం. రెండో సగంలో ఫామ్ ఎదురు తోయమంటుంది. నా మాట అడిగితే వద్దు. ముందుకి వాలి వచ్చినవాణ్ణి వెనక్కి తోయడం కష్టం, ముందుకే సాగనంపడం తేలిక. ఒక పక్కకి తిరిగి అతని ఒక చేతిని లూతో పంపించేయండి. తను వాలకుండా నిటారుగా నిలబడి తోస్తున్నాడంటే అప్పుడు తోయండి, కానీ దిక్కు చూసుకుని. అతని రెండు మడమల్నీ కలుపుతూ నేల మీద ఒక గీత ఉందనుకోండి. గీత వెంబడి తోస్తే మనిషి గోడలా ఉంటాడు. గీతకి అడ్డంగా, 90 డిగ్రీల్లో తోస్తే ఆపడానికి మూడో కాలు లేదు కాబట్టి అడుగు కదపక తప్పదు. పైన చెప్పిన పడగొట్టడాలన్నీ ఈ గీత మీదే ఆధారపడ్డాయి.

---

రింగ్‌సైడ్

పైన చెప్పినవాటితో పేచీ లేదు, అవి పట్టు ఉన్నంతవరకే. గుద్దు సంగతి ఎవరూ ఎత్తలేదు.

24 ఫామ్ పుట్టింది 1956లో. చైనా ప్రభుత్వ క్రీడా సంఘం యాంగ్ స్టైల్ నుంచి కొన్ని కదలికలు ఏరి, జనం ఆరోగ్యం కోసం ఐదారు నిమిషాల్లో అయ్యేలా కుదించింది. అందులో లేనివి చాలా ఉన్నాయి. తాయ్ చీలో ఇంకో శాఖ చెన్ స్టైల్, అందులో లావ్‌జియా రెండో ఫామ్ చూస్తే దూకడాలు, దబదబా గుద్దులు, బలాన్ని ఒక్కసారిగా విసిరే ఫాజిన్ కనిపిస్తాయి. కాబట్టి 24 వచ్చినంత మాత్రాన పోరాటానికి తయారైనట్టు కాదు.

2017 ఏప్రిల్‌లో చెంగ్డూలో షు షియావ్‌డాంగ్ అనే ఎంఎంఏ (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్) ఫైటర్‌కీ, తాయ్ చీ గురువునని చెప్పుకున్న వెయ్ లెయ్‌కీ జరిగిన పోటీ వీడియో చాలామంది చూసే ఉంటారు. అర నిమిషం కూడా పట్టలేదు. అది చూసి తాయ్ చీ బూటకం అనేవాళ్లూ, అతను అసలు గురువే కాదనేవాళ్లూ ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. వీడియో ఒకసారి ఆపి ఆపి చూడండి. చేతులు చాచి, ముఖం తెరిచి, వెనక్కి నడుస్తున్నాడు. ముఖం మీదకి గుద్దులు వచ్చే సాధన చేసినవాడు అలా నిలబడడు.

వీధి గొడవలో వచ్చే గుద్దు ఎక్కువగా కుడిచేత్తో పక్క నుంచి ఊపి కొట్టేది. దానికి వెనక్కి తగ్గితే సరిగ్గా పిడికిలి తగిలే దూరంలోకి పోతారు. ముందుకి వెళ్లాలి. ఎడమచెయ్యి మడిచి, అరచెయ్యి తల వెనక్కి, ముంజేయి చెవిని కప్పేలా పెట్టండి. కుడి ముంజేయి అడ్డంగా అతని ఎడమ భుజం, మెడ ఎముక కలిసేచోట ఆనేలా ఒక పెద్ద అడుగు లోపలికి వేయండి. ఆ కుడి ముంజేయి మీ ఫామ్‌లోని పంగే, అంటే ముంజేయిని ఛాతీ ముందు గుండ్రంగా నిలిపి ఎదుటివాడి బలాన్ని ఆపడం. ఊపు భుజం దగ్గర తక్కువ, పిడికిలి దగ్గర ఎక్కువ, కాబట్టి లోపలికి వచ్చినవాడికి దెబ్బ తగ్గుతుంది. ఛాతీకి ఛాతీ ఆనాక, అతని చెయ్యి మీ చంకలో ఇరుక్కున్నాక పైన ఆయన చెప్పినవన్నీ మొదలవుతాయి. అంతకుముందు కాదు.

బ్రష్ నీతో తన్నుని చేత్తో ఊడ్చేయమని నేర్పేవాళ్లున్నారు, వినకండి. బూటు కాలు ముంజేతి ఎముకకి తగిలితే విరిగేది మీ ఎముకే. బ్రష్ నీకి పనికొచ్చే అర్థం వేరు. అడ్డంగా పెట్టిన అతని చేతిని ఒక చేత్తో కిందికి దించి, రెండో అరచేతి మడమతో దవడ కింద కొట్టడం. పిడికిలితో తల మీద కొడితే చిటికెనవేలి వెనక ఎముక విరగడం మామూలే, డాక్టర్లు దానికి బాక్సర్స్ ఫ్రాక్చర్ అనే పేరే పెట్టారు. అరచెయ్యి వాడే అలవాటు తాయ్ చీ మీకు ఎలాగూ ఇచ్చింది.

హీల్ కిక్ ఛాతీ ఎత్తులో ఫామ్‌కే బాగుంటుంది. వీధిలో మోకాలు దాటి పైకి లేపొద్దు.

సాధనకి 16 ఔన్సుల గ్లోవ్స్, పళ్లకి మౌత్‌గార్డ్ కొనండి. రెండు నిమిషాల రౌండ్లు. తమ్ముడు పక్క గుద్దులు మాత్రమే, మూడోవంతు బలంతో విసరాలి. మీ పని తిరిగి కొట్టడం కాదు, లోపలికి వెళ్లి అతుక్కుని మూడు సెకన్లు వదలకుండా ఉండటం.

---

ఉదయపు_నడక

ఇద్దరికీ ధన్యవాదాలు, చాలా స్పష్టంగా ఉంది. ఒక సందేహం. లూ చేస్తుంటే అతను చెయ్యి మడిచేసి మీదకి దూసుకొస్తే? లేదా బిగబట్టి వెనక్కి గుంజితే? పైగా అతను నాకంటే ఇరవై కిలోలు ఎక్కువుంటే?

---

పుష్‌హ్యాండ్స్_పిచ్చి

మంచి ప్రశ్న. ఫామ్‌లో లూ తర్వాత జీ ఎందుకు పెట్టారో ఇక్కడే తెలుస్తుంది.

అతను చెయ్యి మడిచి మీదకి వచ్చాడంటే మీ ఎడమ ముంజేయి ఇప్పటికే అతని జబ్బ మీద ఉంది. లాగడం ఆపేయండి. కుడి అరచెయ్యిని మీ ఎడమ మణికట్టు లోపలి వైపు చేర్చి, బరువు ముందు కాలి మీదకి తెస్తూ రెండు చేతుల బలాన్నీ అతని ఛాతీ మధ్యకి పంపండి. అది జీ. ఇంకా దగ్గరికి వచ్చేసి చేతులు చాచే చోటు లేకపోతే మోచెయ్యి, అంటే జౌ. అదీ పట్టకపోతే భుజంతో గుద్దడం, అంటే ఖావ్. ఆయన చెప్పినట్టు గుద్దు కిందుగా లోపలికి దూరినప్పుడు ముందు అందేది కూడా భుజమే.

వెనక్కి గుంజితే ఇంకా తేలిక. అతను తనని తానే వెనక్కి వాల్చుకుంటున్నాడు. గుంజే దిక్కులోనే వెంట వెళ్లి ఆన్‌తో, అంటే రెండు అరచేతులతో తోసేయండి. ఇక్కడ తప్పేమిటంటే, లూ మొదలుపెట్టాం కాబట్టి లూనే పూర్తి చేయాలని పంతం పట్టడం. అప్పుడిక బలాబలాల మీదకి వస్తుంది, ఇరవై కిలోల తేడా అక్కడ మిమ్మల్ని తినేస్తుంది. గీతకి అడ్డంగా పని చేసినంతసేపు ఆ బరువు మీకే సాయం చేస్తుంది.

దగ్గరగా వచ్చినప్పుడు ముందు పోయేది పంగ్. ముంజేయి మీ ఛాతీకే అంటుకుపోతే ఇక నడుము తిప్పినా అటు ఏమీ చేరదు. చంకలో ఒక పిడికిలి పట్టేంత ఖాళీ, ముంజేయికీ ఛాతీకీ మధ్య జానెడు ఖాళీ ఎప్పుడూ ఉండాలి. తమ్ముణ్ణి ముంజేతి మీద మెల్లగా బలం పెంచుతూ నొక్కమనండి. జానెడు బెత్తెడైందంటే అడుగు వెనక్కి వేయాల్సిన సమయం దాటిపోయినట్టే.

సాధన ఇలా చేయండి. ఇద్దరూ కుడి కాలు ముందుపెట్టి, కుడి మణికట్ల వెనక భాగాలు ఆనించి, ఒంటిచేతి పుష్ హ్యాండ్స్. అడ్డంగా గుండ్రంగా, వైపుకి పది నిమిషాలు. ఒకరు తోస్తుంటే రెండోవాళ్లు నడుము తిప్పి పక్కకి పంపడం, అంతే. చెయ్యి ఊడకూడదు, అలాగని ఒత్తకూడదు. కొన్నాళ్లకి కళ్లు మూసుకుని చేయండి. తోపు ఏ కాలి నుంచి బయల్దేరిందో మణికట్టుకే తెలియడం మొదలవుతుంది. పంగ్, లూ, జీ, ఆన్ వరసగా వచ్చే రెండు చేతులది ఆ తర్వాత.

కాలర్ సాధనని నాలుగు మెట్లుగా పెట్టుకోండి. మొదట తమ్ముడు పట్టుకుని ఊరికే నిలబడతాడు. తర్వాత పట్టుకుని అటూ ఇటూ నడిపిస్తాడు. మూడో మెట్టులో ఎడమచెయ్యి కూడా వాడతాడు, గ్లోవ్ వేసుకుని. నాలుగో మెట్టులో ఏ పట్టు పడతాడో ముందు చెప్పడు. పదిసార్లకి ఏడుసార్లు పడితేనే పై మెట్టు ఎక్కండి. చాలామంది రెండో మెట్టు దగ్గరే తేలిపోతారు. నడిపిస్తుంటే ఎదుటివాడి కాలు ముందుందో వెనకుందో గమనించడం అంత సులువు కాదు.

---

మోకాలు_భద్రం

మెళకువలు బాగా చెప్పారు. గాయాల గురించి కొన్ని మాటలు.

మోచెయ్యి మణికట్టు లాంటిది కాదు. మణికట్టు తిప్పుతుంటే నొప్పి ముందే హెచ్చరిస్తుంది. మోచెయ్యి చాలాసేపు ఏమీ చెప్పకుండా ఉండి, ఒక్కసారిగా లిగమెంట్ చిరుగుతుంది. అందుకని లూ సాధనలో చెయ్యి పూర్తిగా నిటారయ్యాక ఇంకేమీ నొక్కకూడదు, దిక్కు కిందికి మార్చాలి. తొడ మీద రెండుసార్లు తడితే వదిలేయాలన్న ఒప్పందం మొదటి రోజే చేసుకోండి. నోటితో "ఆపు" అన్నా అంతే.

వైల్డ్ హార్స్ గట్టి నేల మీద చేయొద్దు. ఈ పడగొట్టడంలో మనిషి వెల్లకిలా పడతాడు, టైల్స్‌కి ముందు తగిలేది తల వెనక భాగం. కనీసం రెండు అంగుళాల మ్యాట్ పరచండి. పడేవాడు గడ్డం ఛాతీకి ఆనించి, అరచేత్తో నేలని చరుస్తూ పక్కకి వాలడం ముందు నేర్చుకోవాలి. పడగొట్టేవాడు అతని కుడి చొక్కా చెయ్యి వదలకుండా పైకి పట్టుకుంటే పడటం మెత్తగా ఉంటుంది.

మీ సొంత మోకాలి సంగతి. బరువంతా ఉన్న కాలి మీద పాదం నేలకి అతుక్కుని ఉండగా నడుము తిప్పితే ఆ మెలిక అంతా మోకాలికి పోతుంది. ఫామ్‌లో బరువు వెనక్కి తీసుకుని ముందు కాలి వేళ్లు తిప్పమనేది అందుకే. జోడీ సాధనలో తొందరలో ఇది మర్చిపోతారు. మోకాలు ఎప్పుడూ పాదం వేళ్ల దిక్కునే చూస్తుండాలి, లోపలికి వాలకూడదు.

---

సెక్షన్ల_సత్తిబాబు

తాయ్ చీ నాకు తెలీదు గానీ చట్టం తెలుసు. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఉంది, పాత ఐపీసీలో 96 నుంచి 106. ఇక్కడ మీకు సంబంధించినవి రెండు. 37 ప్రకారం రక్షణకి అవసరమైనదాని కంటే ఎక్కువ హాని చేసే హక్కు లేదు. 40 ప్రకారం ప్రమాదం ఉందన్న సహేతుకమైన భయం కలిగినప్పుడు హక్కు మొదలవుతుంది, ఆ భయం ఉన్నంతసేపే ఉంటుంది. అంటే అతను కింద పడి, లేచి వచ్చే పరిస్థితి లేనప్పుడు ఇంకో దెబ్బ వేశారంటే అది రక్షణ కిందకి రాదు.

ఎముక విరగడం, కీలు తొలగడం 116 సెక్షన్ కింద తీవ్ర గాయం. కాలర్ పట్టుకున్నందుకు మోచెయ్యి విరిచారంటే స్టేషన్‌లో సమాధానం చెప్పుకోవాల్సింది మీరే. వదిలించుకున్నాక 112కి ఫోన్ చేయండి, అక్కడ సీసీ కెమెరా ఉందేమో చూసుకోండి.

---

రింగ్‌సైడ్

కత్తి కనిపిస్తే మాత్రం పైన రాసినవి ఏవీ వద్దు. ఫోన్ అడిగితే ఫోన్, పర్సు అడిగితే పర్సు ఇచ్చేసి పరిగెత్తండి. పారిపోయే దారి లేకపోతే బ్యాగో కుర్చీయో మధ్యలో పెట్టండి, ఒట్టి చేతులతో మణికట్టు పట్టుకోవాలని చూడకండి. అసలు చాలాసార్లు కత్తి బయటికి తీయడమే కనపడదు. అతని ఒక చెయ్యి జేబులోనో వీపు వెనకో ఉంటే కాలర్ పట్టు విడిపించే ఆలోచన కూడా చేయకుండా ఆ చేతి మీద కన్నేసి దూరం జరగండి.

---

పుష్‌హ్యాండ్స్_పిచ్చి

సత్తిబాబు గారి మాట మీద ఒక చేర్పు. ఫామ్‌లో ప్లే లూట్ అనే కదలిక ఉంది, ఒక చెయ్యి మణికట్టు దగ్గర, ఒక చెయ్యి మోచేతి దగ్గర పెట్టి ఎదురెదురు దిక్కుల్లో కత్తిరించడం. అది మోచెయ్యి విరవడానికే. కాలర్ గొడవకి దాన్ని పక్కన పెట్టేయండి. అదే చోట చేతులు ఉన్నప్పుడు, మోచేతి మీది అరచెయ్యిని అడ్డంగా కాకుండా అతని ముందు పాదం బొటనవేలి వైపు కిందికి నొక్కండి. అతను ఒక మోకాలి మీద కూలబడతాడు, ఎముకకి ఏమీ కాదు. కూలబడగానే వదిలేసి, అతని వీపు వైపు నుంచి మూడు నాలుగు అడుగులు పక్కకి జరిగి వెళ్లిపోండి. ముందు నుంచి దాటితే కాలు పట్టుకుంటాడు.